చిల్లు పడిన కాసు: నగగా మారిన నాణెం విలువ

తెలుగువారి నానుడిలో చిల్లుకాసుకు గౌరవం లేదు. చేతిలో ఏమీ లేనివాడు తన వద్ద చిల్లిగవ్వ కూడా లేదంటాడు. పనికిరాని వస్తువు చిల్లుకాసు చేయదంటారు. అయితే అదే తెలుగు ఇంటిలో కాసులపేరుకు ఉన్న మన్నన పాఠకులకు విదితమే. చిల్లు పడినందువల్ల బజారులో చెల్లని కాసు, దండలో చేరినందువల్ల తరతరాలుగా చెల్లుతున్నది. నాణెం నగగా మారినప్పుడు దాని విలువ పెరుగుతున్నదా, తరుగుతున్నదా అన్న ప్రశ్నకు మూలం ఈ వైరుధ్యంలో ఉన్నది.

ఈ ప్రశ్న మరొక రూపంలో కూడా ఎదురవుతున్నది. విక్టోరియా రాణి, జార్జి చక్రవర్తుల కాలపు వెండి రూపాయలపై మీనా రంగులు నింపి, పతకాలుగా, చెవికమ్మలుగా, ఉంగరాలుగా మలచి అమ్మడం నగల వ్యాపారంలో కనిపించే ఒక పద్ధతి. అటువంటి నగను బల్లపై ఉంచితే ముగ్గురు మూడు విధాలుగా వెల కడతారు. వెండి వర్తకుడు తూకం చూసి, మీనా బరువు, అతుకు బరువు తీసివేసి, మిగిలిన లోహానికి ధర చెబుతాడు. నాణేల సేకర్త ఒక్క చూపు చూసి, చెడిపోయిన నాణెమని పక్కన పెడతాడు. నగల వర్తకుడు పనితనాన్నీ పాతదనాన్నీ కలిపి లెక్క వేస్తాడు. ఎవరి వృత్తిలో వారి లెక్క సరియైనదే. కాని ఆ ముగ్గురి త్రాసులలోనూ తూగని విలువ ఒకటి ఉన్నది. ఆ నాణేన్ని మొట్టమొదట దండకు ఎక్కించిన స్త్రీ అందులో చూసిన విలువ అది. దానిని గుర్తించని పక్షంలో మీనా పనిని మెచ్చుకోవడమూ, నిందించడమూ రెండూ పైపై మాటలే అవుతాయి.

కాసు, సవర, తులం

నాణెం తూనికరాయిగా మారిన చరిత్ర భాషలోనే నమోదై ఉన్నది. తెలుగునాట బంగారం కొలతలో కాసు అంటే ఎనిమిది గ్రాములు. కొన్ని ప్రాంతాలలో దానినే సవర అంటారు. ఆంగ్లేయుల బంగారు నాణెమైన సావరిన్ నుండి వచ్చిన మాట ఇది. ఆ నాణెం తూకం 7.98 గ్రాములు. నాణెం బజారు నుండి తొలగిపోయినా దాని బరువు మాటలో మిగిలిపోయింది. వెండి సంగతీ ఇటువంటిదే. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని నిర్ణయించినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు ఇతర లోహం. ఆ 180 గ్రెయిన్లే తులానికి ప్రమాణం. రూపాయి ఎత్తు అన్నా, తులం అన్నా ఒకటేనని పాతతరంవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సమానత్వం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని దాని ఫలితం పెద్దది. ఇరవై రూపాయలు గుచ్చిన దండ ఇరవై తులాల వెండి. దానిని తెలుసుకోవడానికి త్రాసు అక్కరలేదు, గీటురాయి అక్కరలేదు, అక్షరజ్ఞానం కూడా అక్కరలేదు. వేళ్ళపై లెక్కపెట్టగలిగితే చాలు. కడియమో, కంటెయో చేయించుకున్న స్త్రీ వెండి మచ్చు విషయంలో, తరుగు విషయంలో స్వర్ణకారుని మాటనే నమ్మవలసి ఉండేది. రూపాయిల దండ విషయంలో టంకశాల ముద్రయే ఆమెకు హామీ. స్వర్ణకారునికి చెల్లవలసినది పైన రింగు అతికినందుకు మజూరీ మాత్రమే. కనుక రూపాయి దండను అలంకారప్రీతికి చిహ్నంగానే చూడడం సరికాదు. బ్యాంకు చేరని ఊరిలో, తాళం వేయదగిన పెట్టె లేని ఇంటిలో, అది ఆమె మెడలో ఉన్న ఖాతా పుస్తకం.

ఈ ఆచారం ఆంగ్లేయుల రూపాయితో మొదలైనది కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో సముద్ర వాణిజ్యం ద్వారా దక్షిణాపథానికి వచ్చిన రోమన్ బంగారు నాణేలలో పలువాటికి రంధ్రాలున్నాయి. తెలంగాణలోని కొండాపురం తవ్వకాలలో రోమన్ నాణెపు ముఖాన్ని అచ్చుగా తీసిన మట్టి బిళ్ళలు కూడా లభించాయి. అటువంటి బిళ్ళలు దారానికి గుచ్చి ధరించడానికి అనువుగా చేసినవి. బంగారు నాణేన్ని పొందలేనివారు దాని మట్టి ప్రతిరూపాన్ని ధరించి ఉంటారని ఊహించవచ్చు. అంటే రెండువేల ఏండ్ల నాడే నాణెపు ముఖం లోహపు వెల నుండి వేరుపడి, తనంతట తానే ఒక గౌరవచిహ్నమైనది. లక్ష్మీదేవి ప్రతిమ ముద్రించిన కాసులను వరుసగా పేర్చిన నేటి కాసులపేరు ఆ మార్గంలోనిదే. దానిలోని కాసు ఏ ప్రభుత్వమూ ముద్రించినది కాదు, ఏ అంగడిలోనూ చెల్లదు. నాణెపు రూపం మాత్రం నిలిచి ఉన్నది.

ప్రభుత్వ నిర్ణయాలు, మెడలోని దండలు

రూపాయి దండ విలువ ప్రభుత్వ ద్రవ్యవిధానంతో పాటు మారుతూ వచ్చింది. 1893 వరకు ఎవరైనా వెండిని టంకశాలకు తీసుకువెళ్ళి రూపాయలుగా ముద్రింపించుకునే వీలుండేది. కనుక రూపాయిలోని వెండి వెల, రూపాయి వెల ఇంచుమించు సమానంగా ఉండేవి. ఆ సంవత్సరం టంకశాలలలో ఈ సదుపాయం రద్దయిన తరువాత, లోహపు వెల కంటె నాణెపు వెల హెచ్చుగా నిలిచింది. అటుపిమ్మట రూపాయిని కరిగించి నగ చేయించడం నష్టమైన పని. కరిగించకుండా రింగు అతికి ధరిస్తే, అవసరం వచ్చిననాడు రింగు తీసి మరల ఖర్చుపెట్టుకోవచ్చునన్న ఆశ మిగిలేది. గ్రామీణ స్త్రీ ఆర్థికశాస్త్రం చదవకపోయినా ఈ తేడా ఆమెకు అనుభవంలో తెలిసినదే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండికి కొరత ఏర్పడింది. 1917లో ఒక రూపాయి కాగితం నోటు వెలువడింది. రెండణాలు, నాలుగణాల వంటి చిల్లర నాణేలను వెండికి బదులు రాగి–నికెల్ మిశ్రమంతో ముద్రించసాగారు. కాగితాన్ని దండకు గుచ్చలేరు. గుచ్చితే ఆ చిల్లుతో దాని విలువ పోతుంది. కనుక నోటు వచ్చిన తరువాత వెండి రూపాయికి మెడలో స్థానం మరింత దృఢమైనదనవచ్చు. 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించారు. పాత రూపాయిలో 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటే, కొత్తదానిలో 5.8 గ్రాములు మాత్రమే. బరువు మాత్రం ఒక్కటే. మొట్టమొదటిసారిగా వేళ్ళ లెక్క స్త్రీని మోసగించింది. ఇరవై రూపాయల దండ ఇరవై తులాల వెండి అన్న సమీకరణం చెదిరిపోయింది.

తరువాత 1941 నుండి 1943 వరకు విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి చక్రవర్తుల పాత వెండి రూపాయలను ప్రభుత్వం దశలవారీగా చెలామణీ నుండి ఉపసంహరించింది. దండలోని నాణేనికి ఆ గడువు ఒక నిర్ణయవేళ. దండ విప్పి ఖజానాలో మార్చుకోవడమా, లేక నాణెపు హోదా వదులుకొని వెండిగా నిలుపుకోవడమా? నేటికీ గ్రామాలలో, గిరిజన కుటుంబాలలో మిగిలి ఉన్న దండలు ఆనాడు విప్పబడనివి. ప్రభుత్వం పిలిచినా వెళ్ళని నాణేలవి. చారిత్రకంగా వాటికున్న ప్రాముఖ్యం ఇక్కడ మొదలవుతున్నది.

సువర్ణరేఖ తీరం

ఈ కథ మరింత స్పష్టంగా కనిపించే స్థలాలలో జంషెడ్‌పూర్ ఒకటి. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువలో ఉన్న సాక్చీ గ్రామంలో, 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు సంస్థ తన కర్మాగారాన్ని నిర్మించింది. 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైనది. యుద్ధకాలంలో ఆ ఉక్కు చేసిన సేవకు గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ పట్టణానికి జంషెడ్జీ టాటా పేర జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాలీమాటీ రైల్వేస్టేషను టాటానగర్ అయినది. బీహారులో భాగంగా ఉండిన ఈ ప్రాంతం 2000 నవంబరు 15న ఏర్పడిన ఝార్ఖండ్ రాష్ట్రంలో చేరింది.

సింహభూమి ప్రాంతానికి నాణెం ఇనుముతో పాటు వచ్చినది కాదు. జంషెడ్‌పూర్‌కు అనతిదూరంలో ఉన్న రాఖా కొండల వద్ద 1917లో పూరీ–కుషాణ నాణేలుగా పిలువబడే రాగి నాణేల నిక్షేపం బయటపడింది. వాటిలో కొన్నిటిపై టంక అన్న మాట కనిపించడం నాణెశాస్త్రంలో పేరుగాంచిన విషయం. రాగి గనులకు ప్రసిద్ధమైన ఆ కొండల పక్కనే, బంగారు రేణువుల కోసం ఇసుక కడిగే సువర్ణరేఖ ప్రవహిస్తుంది. లోహం ఈ నేలకు కొత్తది కాదు. వారం వారం, నెల నెలా కూలిగా చేతికి వచ్చే నాణెం మాత్రం కర్మాగారంతో విరివిగా వచ్చింది.

సంతాల్, హో, ముండా, భూమిజ్ తెగలవారు ఈ పరిసరాల వాసులు. ఈ తెగలలోని స్త్రీలు వెండి హంసులీలతో పాటు రూపాయలు, అర్ధరూపాయలు గుచ్చిన దండలు ధరించే వాడుక తూర్పు భారత గిరిజన ఆభరణ సంప్రదాయంలో ప్రసిద్ధమైనది. కర్మాగారపు పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైలు మార్గాన తెలుగువారు కూడా వచ్చి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి సామాజిక జీవనానికి నేటికీ ఆనవాలు. ఒకరి మెడలో రూపాయి దండ, మరొకరి ఇంటిలో కాసులపేరు. రెండూ కూలినాలి చేసి కూడబెట్టిన సొమ్ముకు శరీరమే భద్రస్థానమైన కాలానికి చెందినవి. వీటి మధ్య భేదం కూడా గమనింపదగినది. కాసులపేరు వధువుకు పుట్టింటివారో అత్తింటివారో ఒక్కసారిగా పెట్టేది. రూపాయి దండ ఏటికేడు, ఒక్కొక్క నాణెం చేరి పెరిగేది.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. 1907 నుండి వెలువడిన నికెల్ అణా మీదను, తరువాతి రెండణాల మీదను విలువను ఆంగ్లంతో పాటు ఉర్దూ, బెంగాలీ, నాగరి, తెలుగు లిపులలో ముద్రించారు. హిందీ, బెంగాలీ, ఒడియా భాషల కూడలిలో జీవిస్తున్న తెలుగు కార్మికునికి తన లిపి ఆ చిల్లర నాణేల మీద కనిపించేది. అటువంటి నాణెపు ముఖాన్ని చెక్కివేయడం వట్టి లోహాన్ని చెక్కడంతో సమానం కాదు.

మీనా చేసే పని

మీనా అంటే రంగు గాజు. గాజును పొడిచేసి, కోబాల్టు, రాగి వంటి లోహాల ఆక్సైడులతో రంగు కల్పించి, తడిపి, లోహంలో తొలిచిన గుంటలలో నింపి, కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి లోహానికి అంటుకుంటుంది. ఎక్కువ వేడిని తట్టుకునే రంగును ముందు, తక్కువ వేడికే కరిగే రంగును తరువాత కాల్చడం ఈ పనిలోని మెలకువ. జయపురం ఈ కళకు ప్రఖ్యాతిగాంచినది. గులాబి రంగు మీనాకు వారణాసి పేరుపొందినది. జయపురపు పనివారు మేలిమి బంగారాన్ని ఇష్టపడడానికి కారణం ఉన్నది. ఎరుపు రంగు బంగారంపై ప్రకాశించినట్లు వెండిపై ప్రకాశించదు. రూపాయి వెండిలో రాగి కలిసి ఉండడం మరొక చిక్కు. కొలిమిలో ఆ రాగి నల్లబడి, పారదర్శకమైన రంగుల కింద మసక తెస్తుంది. కనుక నాణెంపై మంచి మీనా చేయడం మేలిమి లోహంపై చేయడం కంటె కష్టతరం.

నాణేలపై మీనా పనిని ఒక ప్రత్యేక కళగా అభివృద్ధి చేసినవారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ పనివారు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం జరిగిన 1887 ప్రాంతంలో అటువంటి పతకాలకు గొప్ప గిరాకీ ఉండేది. రాజచిహ్నపు డాలు, సర్పాన్ని సంహరించే సెయింట్ జార్జి రూపం వారికి ప్రీతిపాత్రమైనవి. డాలులోని ప్రతి గడికీ దానికి సంప్రదాయం విధించిన రంగునే నింపేవారు. గుర్రం శరీరాన్ని తాకకుండా దాని వెనుక ఆకాశాన్ని మాత్రమే తొలిచేవారు. అక్షరాలను నిలబెట్టి వాటి చుట్టూ ఉన్న నేలకు రంగు వేసేవారు. విక్టోరియా రూపాయలపై కూడా ఈ విధమైన పని జరిగింది. ఈ శ్రేష్ఠమైన నమూనాలను చెడిపోయిన నాణేలని త్రోసివేయడం కళావిమర్శ అనిపించుకోదు. మొదటి శిల్పి టంకశాల కోసం చెక్కిన రూపాన్ని రెండవ శిల్పి చదివి వ్యాఖ్యానించిన తీరు వాటిలో ఉన్నది. మూలానికి విధేయమైన వ్యాఖ్యానం వలెనే, అది మూలాన్ని మరుగుపరచక వెలుగులోకి తెస్తుంది.

నాణెపు ముఖాన్ని ప్రజలు ఎంత శ్రద్ధగా చూసేవారో తెలియాలంటే 1911 నాటి జార్జి రూపాయి ఉదంతం చాలు. చక్రవర్తి అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ చిన్నదై, పంది వలె కనిపిస్తున్నదని ముస్లిముల నుండి అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం ఆ రూపాయిని నిలిపివేసి, 1912లో ఏనుగు స్పష్టంగా కనిపించేటట్లు అచ్చును దిద్దవలసి వచ్చింది. సాక్చీలో తొలి ఉక్కు తయారైన సంవత్సరమే అది. గోటి కొనంత బొమ్మ కోసం ఒక సామ్రాజ్యం తన అచ్చును మార్చుకున్నది. చేతిలోని నాణేన్ని ప్రజలు చదువుతారన్న సత్యానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

ఈ కొలబద్దతో చూసినప్పుడు నేడు విరివిగా అమ్ముడుపోయే రంగు నాణేలలో అధికభాగం నిలబడదు. వాటిలో పలువాటిపై ఉన్నది కాల్చిన గాజు కాదు. చల్లగా పోసి ఆరబెట్టిన రసాయనపు జిగురు రంగు. గాజును సూదిమొన గీయలేదు, జిగురును గీయగలదు. అంతకంటె ముఖ్యమైనది, పని చేసినవాని దృష్టి. నాణెం మీది తామరపూవును, ఆకుల వరుసను అనుసరించి రంగు నడిచినదా, లేక నాణేన్ని ఒక గుండ్రని రేకుగా భావించి దానిపై నెమలినో, మామిడిపిందెనో కప్పివేసినదా? రెండవది జరిగినప్పుడు అక్కడ పాత రూపాయి ఉండవలసిన అవసరమే లేదు. పాతదనం అమ్మకానికి మాత్రమే ఉపయోగపడింది, కళకు ఉపయోగపడలేదు. శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 వంటి సంవత్సరాలతో బజారులో అమ్మే ఇత్తడి బిళ్ళలు ఈ ధోరణికి పరాకాష్ఠ. కంపెనీ అటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. పాతదనం మీద ఉన్న మోజును సొమ్ముచేసుకోవడానికి పుట్టిన వస్తువులవి.

దండ ఒక నిక్షేపం

నాణెశాస్త్రంలో నిక్షేపానికి ప్రత్యేకమైన గౌరవం ఉన్నది. విడి నాణెం కంటె, ఒకే కుండలో కలిసి దొరికిన నూరు నాణేలు ఎక్కువ చెబుతాయి. వాటిలో అన్నిటికంటె తరువాతిది ఏదో తెలిస్తే, ఆ కుండను పాతిపెట్టిన కాలం అంతకు ముందుది కాదని నిశ్చయించవచ్చు. మెడలోని దండకు ఈ సూత్రాన్ని అన్వయించడం అరుదు. అన్వయిస్తే దండ కూడా ఒక నిక్షేపమే. భూమిలో పాతినది కాక, శరీరంపై ధరించినది.

ఒక దండలో 1862 నాటి రూపాయలు, 1877 తరువాతి చక్రవర్తిని రూపాయలు, జార్జి రూపాయలు వరుసగా ఉన్నాయనుకుందాము. అది తల్లి నుండి కూతురికి సంక్రమించి పెరిగినదని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. 1912 నుండి 1920 వరకు నాణేలు దట్టంగా ఉండి, అంతటితో ఆగిపోతే, ఆ ఇంటికి కూలి డబ్బు ఎప్పుడు వచ్చి ఎప్పుడు నిలిచిపోయిందో ఆలోచించవచ్చు. ఏ నాణెం ఎక్కువగా అరిగినదో చూస్తే, దండకు ఎక్కకముందు అది ఎంతకాలం చేతులు మారినదో అంచనా కట్టవచ్చు. ఈ పనికి జాగ్రత్త అవసరం. 1862 అని ఉన్న రూపాయి 1874లో ముద్రాసంవత్సరం మారేవరకు అదే సంవత్సరంతో ముద్రితమైనది; తేదీని యథాతథంగా నమ్మరాదు. అయినను, జీతాల రికార్డులలో పేరు చేరని కూలి కుటుంబానికి, మనవి పత్రం కూడా రాయని గిరిజన స్త్రీకి, ఇంతకంటె ప్రత్యక్షమైన పత్రం మరొకటి దొరకడం కష్టం.

మీనా పనిపై వేయవలసిన అసలు ప్రశ్న ఇక్కడ తేటపడుతున్నది. కంపెనీ కాలం నుండి జార్జి కాలం వరకు రూపాయిపై సంవత్సరం ఉన్నది పూలతీగ వైపున, విలువ రాసిన ముఖం మీద. రంగులకు అనువైనదని పనివాడు ఎన్నుకునేది సాధారణంగా ఆ ముఖాన్నే. అతడు నిపుణుడైతే అక్షరాలు, అంకెలు నిలుస్తాయి. కాకపోతే నాణెం తన పుట్టిన ఏడును కోల్పోతుంది. రింగు అతికిన రూపాయికి అంచు దగ్గర చిన్న మచ్చ తప్ప ముఖం చెదరదు. దాని లోహం, సాక్ష్యం, గౌరవం మూడూ నిలుస్తాయి. మంచి మీనా పనిలో లోహం కొంత తగ్గి, కళ చేరి, సాక్ష్యం చాలావరకు నిలుస్తుంది. చెడు మీనా పనిలో లోహమూ తగ్గుతుంది, సాక్ష్యమూ పోతుంది. వీటన్నిటినీ చెడిపోయిన నాణేలన్న ఒకే గాటన కట్టే సేకర్త తీర్పు ఎంత అసంపూర్ణమో, అన్నిటినీ పురాతన కళాఖండాలని పొగిడే వర్తకుని మాట కూడా అంతే అసంపూర్ణం.

అయితే మీనా పనివాని కంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. వెండి ధర పెరిగిన ప్రతిసారీ పాత దండలు దుకాణాలకు చేరుతాయి. అక్కడ దండ తెగుతుంది. అరుదైన సంవత్సరాల నాణేలు సేకర్తలకు, మిగిలినవి కొలిమికి వెళతాయి. నాణేలు విడిగా మిగిలినా దండ మిగలదు. అమ్మిన కుటుంబాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. ఆపదలో అక్కరకు రావాలనే ఆ స్త్రీ దానిని కూర్చుకున్నది, అక్కరకు వచ్చింది. ఆమె చేతికి న్యాయమైన వెల అందవలసినది ముఖ్యం. అతుకు పేరిట, మీనా పేరిట, తరుగు పేరిట అయినకాడికి కోతవేసే చోట, పాత రూపాయిలో 10.7 గ్రాముల వెండి ఉన్నదన్న చిన్న సమాచారం ఆమెకు తెలిసి ఉండడమే పెద్ద రక్షణ.

చట్టం కొంతవరకు తోడ్పడుతుంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేళ్ళు నిండిన నాణేన్ని పురావస్తువుగా పరిగణిస్తుంది. అనుమతి లేకుండా దానిని దేశం దాటించరాదు. 1911 నుండి 1922 వరకు ముద్రితమైన జార్జి రూపాయలన్నీ ఇప్పుడు ఆ వయస్సును దాటాయి. 2011 నాటి నాణేల చట్టం నాణేలను కరిగించడాన్ని, పాడుచేయడాన్ని నిషేధించింది గాని, అది చెలామణీలో ఉన్న నాణేలకు సంబంధించినది. 1940 దశకంలోనే చెలామణీ కోల్పోయిన వెండి రూపాయలను అది కాపాడదు. దండ సమగ్రతను కాపాడే చట్టం లేదు, బహుశా ఉండనూ కూడదు. వ్యక్తి సొంత ఆస్తిపై ఆంక్షలు విధిస్తే వస్తువు మరింత రహస్యంగా కొలిమికి చేరుతుంది.

చేయదగినది ఇంతకంటె సులభమైనది, చవకైనది. దండ తెగకముందే దానికి రెండువైపులా ఛాయాచిత్రాలు తీసి, నాణేల సంవత్సరాలను అవి ఉన్న వరుసలోనే రాసుకొని, ధరించినవారు చెప్పిన నాలుగు మాటలు వారి భాషలోనే నమోదు చేస్తే చాలు. దండ వారి వద్దనే ఉంటుంది. సాక్ష్యం అందరిదీ అవుతుంది. జంషెడ్‌పూర్‌లోని సోనారీ గిరిజన సంస్కృతి కేంద్రం వంటి సంస్థలకు, రాష్ట్ర ప్రదర్శనశాలలకు, కళాశాలల చరిత్ర శాఖలకు ఇది శక్తికి మించిన పని కాదు. ప్రదర్శనశాలలు కూడా తమ వద్ద ఉన్న దండలను నాణేల విభాగానికో, ఆభరణాల విభాగానికో పంచి విడదీయకుండా, ఒకే వస్తువుగా జాబితాలో చేర్చడం అవసరం. నాణేల విభాగం రింగును లోపంగా చూస్తుంది. ఆభరణాల విభాగం ముద్రాసంవత్సరాన్ని అలంకారంగా చూస్తుంది. రెండింటికీ నడుమ ఆ స్త్రీ జీవితం జారిపోతుంది.

1943లో, మరొక యుద్ధకాలంలో, రాగిని పొదుపు చేయడానికి ప్రభుత్వమే నడుమ చిల్లుతో పైసలను ముద్రించింది. చిల్లుకాసు అన్న తెలుగు నానుడిని ఎరిగినవారు వాటిని చూసి నవ్వుకొని ఉండవచ్చు. కాని ఆ పైస అంగడిలో చెల్లింది. ప్రభుత్వం వేసిన చిల్లుకు చెల్లుబాటు ఉన్నప్పుడు, ఒక కూలి స్త్రీ తన భవిష్యత్తు కోసం రూపాయికి వేయించిన చిల్లును లోపమని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ చిల్లు నాణెం చరిత్రకు ముగింపు కాదు. అది బజారు నుండి ఇంటిలోకి అడుగుపెట్టిన చోటు. నగగా మారిన నాణేనికి విలువ కట్టేవారు మొదట చూడవలసినది ఆ చోటినే.